కిన్నెరసాని చూసి వచ్చాక జ్వరం

భద్రాచలంలో రాములవారి దర్శనం చేసుకుని తిరుగుదారి పట్టినవారు, పాల్వంచ దగ్గర పెద్దరోడ్డు వదిలి, పది పన్నెండు కిలోమీటర్లు లోపలికి పోయి కిన్నెరసాని చూసి రావడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు. చూడవలసిన చోటే. చుట్టూ కొండలు, మధ్య జలాశయం, నీళ్లలో అక్కడక్కడ లంకల్లాంటి గుట్టలు. గట్టు పక్కన జింకల పార్కు ఉంది. అటవీశాఖవారి పర్యావరణ విద్యాకేంద్రంలో పిల్లలకు అడవి గురించి చెప్పే బొమ్మలు, వివరాలు ఉన్నాయి. 600 చదరపు కిలోమీటర్లకు పైబడిన ఈ అడవిని 1977లో అభయారణ్యంగా ప్రకటించారు. 2016 నుంచి ఈ ప్రాంతం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నా, మా వయసువాళ్ల నోట ఇంకా ఖమ్మం జిల్లా అనే వస్తుంది.

కొన్నేళ్ల క్రితం దసరా సెలవుల్లో మేమూ అలాగే వెళ్లాం. నేను, మా ఆవిడ, మా బావమరిది, అతని భార్యాపిల్లలు. వానలు వెనకబట్టి జలాశయం నిండుగా ఉంది. అరగంట ఆగి పోదామనుకున్నాం. మొసలి కనబడితేగాని కదలనని మా బావమరిది కొడుకు మొండికేశాడు. ఆ నీళ్లలో మొసళ్లున్న మాట నిజమే గాని, మనం పిలిస్తే వస్తాయా? చీకటి పడింది. చల్లగాలికి లేవబుద్ధి కాక, తెచ్చుకున్న పులిహోర అక్కడే విప్పాం. బయల్దేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. మా బావమరిది లుంగీ మోకాళ్లదాకా మడిచి, మధ్యమధ్య కాళ్లమీద చరుచుకుంటూనే ఉన్నాడు. డాక్టర్ని, పక్కనే కూర్చున్నాను. ఒక్క మాట అనలేదు.

ఊరు చేరిన పదకొండో రోజున ఫోను చేశాడు. "బావగారూ, ఒళ్లు నొప్పులు, జ్వరం, కాస్త చలి." సీజనులో వచ్చే జ్వరమేలే అనుకుని పారసెటమాల్ వేసుకోమన్నాను. మూడో రోజుకీ తగ్గలేదు. రక్తం పరీక్ష చేయిస్తే టైఫాయిడ్ ఉందో లేదో తేల్చిచెప్పని ఫలితం వచ్చింది. టైఫాయిడ్‌కే మందు మొదలుపెట్టించాను. నాలుగో రోజు రాత్రి అతను పెళ్లాన్ని పట్టుకుని "నువ్వెవరు?" అన్నాడట. పరుగున వెళ్లాను. కళ్లు పచ్చబడి ఉన్నాయి. మాట తడబడుతోంది. నేనింకా కామెర్లా, మెదడువాపా అని తర్జనభర్జన పడుతుంటే, వెనకనుంచి మా ఆవిడ, "ఏమండీ, ఆవేళ కిన్నెరసానిలో అన్ని దోమలు కుట్టాయి కదా, మలేరియా కాదు గదా?" అంది.

ఇరవై నిమిషాల్లో తేలింది. ఫాల్సిపారం మలేరియా, అంటే మెదడుకు ఎక్కే రకం. ఆర్టెసునేట్ సూదిమందుతో మూడో రోజుకి మనిషి తెలివిలోకి వచ్చాడు. ఇంకొక్క పూట ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో రాయడానికి కూడా నాకు చెయ్యి రాదు. దోమ కుట్టింది ఆ గట్టుమీదే అని ఒట్టు వేయలేను. ముందురాత్రి భద్రాచలం లాడ్జి వరండాలో అయినా కావచ్చు. దారంతా ఏజెన్సీ అడవే.

మలేరియా దోమ నుంచే వస్తుందనడానికి మొదటి ఆధారం దొరికింది మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. అంత చరిత్ర ఉన్న ఊళ్లో చదువుకున్న డాక్టర్లం, ఇప్పుడు జ్వరం అనగానే డెంగ్యూ అంటాం, టైఫాయిడ్ అంటాం. మలేరియా బాగా తగ్గింది, నిజమే. తగ్గింది గనకే చప్పున గుర్తుకు రాదు.

ఈ జబ్బు తెచ్చే అనాఫలిస్ దోమ చీకటి పడ్డాక కుడుతుంది. అడవి ప్రాంతాల్లో మెల్లగా పారే వాగుల అంచుల్లో గుడ్లు పెట్టే రకాలున్నాయి. అందుచేత అక్కడ మురుగు లేదు, నీళ్లు అద్దంలా ఉన్నాయి అని ధీమా పడకూడదు. క్రిమి ఒంట్లోకి వెళ్లాక ముందు కాలేయంలో దాక్కుని పెరుగుతుంది. ఫాల్సిపారం అయితే సాధారణంగా తొమ్మిది నుంచి పద్నాలుగు రోజులకు జ్వరం బయటపడుతుంది, ఒక్కోసారి ఇంకా ఆలస్యం కావచ్చు. ఈలోగా మీరు ఇంటికి వచ్చి, ప్రసాదాలు పంచి, ప్రయాణం సంగతే మరిచిపోయి ఉంటారు!

"అక్కడి కోయవాళ్లు హాయిగా తిరుగుతున్నారు కదండీ?" అని అడుగుతారు. హాయిగా ఏమీ కాదు. పసిపిల్లలు, గర్భిణులు అక్కడా బాధపడుతున్నారు. కాకపోతే చిన్నప్పటినుంచి పదేపదే జ్వరం పడిన పెద్దవాళ్లకు కొంత తట్టుకునే శక్తి వస్తుంది. పట్నవాసానికి అది లేదు.

కాబట్టి అటు వెళ్లి వచ్చిన నెల, రెండు నెలల్లో జ్వరం వస్తే, చలి ఉన్నా లేకపోయినా, రోజు విడిచి రోజు రాకపోయినా, డాక్టరుతో మొదట చెప్పవలసింది ఆ ప్రయాణం గురించే. ఆయన అడగకపోయినా మీరే చెప్పండి. ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. ఒకసారి లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించాలి. మతి తప్పడం, ఫిట్లు, కామెర్లు, మూత్రం నల్లగా రావడం కనిపిస్తే ఇంట్లో ఒక్క గంట కూడా ఉంచకండి. మందుల షాపులో అడిగి క్లోరోక్విన్ మింగడం పనికిరాదు. ఫాల్సిపారం చాలా చోట్ల దానికి లొంగడం మానేసింది. వైవాక్స్ రకం అయితే జ్వరం తగ్గాక కూడా డాక్టరు రాసిన ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులూ పూర్తిచేయాలి, లేకపోతే కాలేయంలో దాగినది నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. గర్భిణులకు ఈ మాత్ర ఇవ్వకూడదు. రాత్రి అక్కడే బస అయితే దోమతెర తప్పనిసరి. వారాల తరబడి ఉండవలసినవారు ముందే డాక్టర్ని అడిగి నివారణ మాత్రలు వాడవచ్చు.

పోయినేడు మళ్లీ వెళ్లాం. మా బావమరిదే పట్టుబట్టాడు. పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, కాళ్లకు మేజోళ్లు, జేబులో దోమలకు రాసుకునే క్రీము. మూడున్నరకు చేరి జింకల్ని చూసి, పిల్లలకు గట్టు చూపించి, ఐదున్నరకల్లా కారెక్కాం. మొసలి మాత్రం ఈసారీ కనబడలేదు.