సుచిత్ర నుండి సముద్రమునకు

సుచిత్ర కూడలి కడ నిలుచున్నవారికి ఏ దిక్కునను సముద్రపు జాడ కానరాదు. ఉత్తరముగా పోవు నాగపూరు రహదారి కొంపల్లిమీదుగా మేడ్చలునకు సాగును. దక్షిణముగా బోయినపల్లి దాటినచో సికింద్రాబాదు. ప్రక్కనే జీడిమెట్ల కార్ఖానాలు. నీళ్లు చూడవలెనన్న ముచ్చట కలిగినవారు సాయంకాలము ఫాక్స్ సాగరునకో, ఆదివారమునాడు శామీర్‌పేట చెరువునకో పోయి వచ్చెదరు. అట్టి ప్రాంతపు గృహిణులు విహారనౌకల టిక్కెట్టు ధరలను గూర్చి ముచ్చటించుకొనుచున్నారనిన మొదట నవ్వు వచ్చును. కాని నవ్వవలసిన పని లేదు. కుమారులు, కుమార్తెలు విదేశములందున్న ఇండ్లు ఇచ్చట అనేకము. అత్తమామల షష్టిపూర్తికి, తమ పాతికేండ్ల పెండ్లినాటికి, ఒక్కమారైన ఓడ యెక్కవలెనని కోరుకొనువారును పెక్కురు. అందులకై చీటీ కట్టి కూడబెట్టిన సొమ్ము చేతికి వచ్చుసరికి ఓడ ధర మరికొంత పైకి పోయి యుండును. ఇక ఇంటిలో చర్చ మొదలగును: ఇప్పుడే కొందుమా, ఆగుదుమా?

ఈ ప్రశ్నకు బంధుమిత్రులు రెండు విధములుగా జవాబు చెప్పెదరు. ఏడాది ముందుగా కొనినవారికే చవుక యని కొందరందురు. ఓడ బయలుదేరు ముందు మిగిలిన గదులను అగ్గువకు అమ్మివేయుదురు గనుక చివరిదాక ఓపిక పట్టుడని మరికొందరందురు. రెండును నిజమే. అయితే రెండవ సలహా రేవుపట్టణమున కాపురమున్నవారికి చెల్లునంతగా మన సుచిత్రవారికి చెల్లదని మా యభిప్రాయము. కారణము ముందు చెప్పెదము.

పూర్వము ఓడ ధర యనగా అచ్చువేసి గోడకు అంటించిన ధర. కాకినాడ, విశాఖపట్నము, భీమునిపట్నము, కళింగపట్నము రేవులనుండి వేలకొలది తెలుగువారు బ్రిటిష్ ఇండియా కంపెనీవారి పొగయోడలపై రంగూనునకు కూలికై పోయినారు. వారికి గది లేదు, పరుపు లేదు. పై తట్టుననే చాప పరచుకొని మూటలమధ్య పడుకొనుటయే. అది విహారము కాదు, పొట్టకూటి ప్రయాణము.

ఆ కంపెనీకి పోటీ వచ్చినప్పుడు ధర యేమయ్యెనో చెప్పు కథ యొకటి కలదు. 1906లో వి. ఓ. చిదంబరం పిళ్లె గారు తూత్తుకుడి నుండి కొలంబోకు స్వదేశీ స్టీము నావిగేషను కంపెనీని నెలకొల్పిరి. దొరల కంపెనీ టిక్కెట్టును ఒక్క రూపాయికి దించెను. పిళ్లె గారు అర్ధరూపాయికి దించిరి. అంతట దొరలు ఊరకయే ఎక్కించుకొని, పైగా గొడుగు నొకదానిని బహుమానముగా నీయసాగిరి! 1908లో పిళ్లె గారు చెరపాలైరి. 1911నాటికి స్వదేశీ కంపెనీ మూతపడెను. గొడుగులు అటుపిమ్మట ఎవరికిని దొరకియుండవని మేము తలచుచున్నాము. పోటీ యున్నంతకాలమే చవుక. మన తూర్పుతీరమున నేడు విహారనౌక యనిన వినవచ్చు పేరు కార్డీలియా సంస్థది యొక్కటియే. ఎదుట మరియొక దుకాణము లేనిచోట బేరమాడుట కష్టమని సంతకు పోవు ఆడువారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ధర పెరుగుటకు ఇతర కారణములును లేకపోలేదు. 2020లో మహమ్మారివలన లోకమందలి విహారనౌకలన్నియు నిలిచిపోయి, యజమానులు అప్పులపాలైరి. అదే సంవత్సరము జనవరి 1నుండి ఓడలు గంధకము తక్కువగానున్న ఇంధనమునే వాడవలెనన్న అంతర్జాతీయ నియమము అమలులోనికి వచ్చెను, నూటికి 3.5 వంతుల హద్దు 0.5కు దిగెను. శుభ్రమైన నూనెకు వెల యెక్కువ. మరియొక వంక ప్రయాణికులు తగ్గక పెరిగిరి. 2019లో ప్రపంచమంతట విహారనౌక లెక్కినవారు 2 కోట్ల 97 లక్షలమంది కాగా, 2023లో 3 కోట్ల 17 లక్షలు, 2024లో 3 కోట్ల 46 లక్షలు. కొత్త ఓడ కట్టుటకు ఏండ్లు పట్టును. ఎక్కువారు మాత్రము ఏటేట పెరుగుచున్నారు.

నేటి ఓడ ధర రోజున కొక తీరుగ నుండుటలో మాయ యేమియు లేదు. 2016 సెప్టెంబరు 9నుండి రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో నూటికి పది బెర్తులు అమ్ముడైనకొలది ధర నూటికి పది చొప్పున పెంచు పద్ధతి వచ్చినది పాఠకురాండ్రకు తెలిసినదే. ఓడవారిదియు ఇంచుమించు అదే నడక. గదులు నిండినకొలది ధర యెక్కును. వీరు మరియొకటియు చేయుదురు: అనుకొన్నట్లు నిండనిచో ధరను దించుదురు. ఖాళీగది సముద్రముమీదికి పోయిన పిమ్మట దానికి దమ్మిడీ రాదు గదా. అందుచే చివరి వారములలో తగ్గింపు రావచ్చును, రాకపోవచ్చును. వచ్చినను, ఎవ్వరును కోరక మిగిలిన గదికే వచ్చును. పాశ్చాత్యదేశములలో జనవరి మొదలు మార్చి వరకు కంపెనీలన్నియు రాయితీలతో ఆ యేటి ప్రయాణములను అమ్ముట ఆచారము. ముందుగా కొనదలచినవారికి అది మంచి అదను.

ఇక మన విశాఖపట్నపు సంగతి. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీవారి జలదుర్గ యను ప్రయాణికుల ఓడ ప్రవేశించుటతో ఆ రేవు మొదలైనది. స్వతంత్రము వచ్చిన తరువాత 1948 మార్చి 14న జలఉష యను నౌకను నెహ్రూగారు నీటిలోనికి వదలినదియు అచ్చటనే. విహారమునకై కార్డీలియావారి ఎంప్రెస్ నౌక 2022 జూన్ 8న వచ్చెను. 1990లో కట్టిన ఆ నౌక పదకొండు అంతస్తుల మేడ వంటిది. పిమ్మట సుమారు 96 కోట్ల రూపాయల వ్యయముతో కట్టిన విహారనౌకల నిలయము 2023 సెప్టెంబరులో ప్రారంభమైనది. డాల్ఫిన్స్ నోస్ కొండ ఒక ప్రక్క, గుడి, దర్గా, చర్చి మూడును వెలసిన కొండలు మరియొక ప్రక్క కాపు కాయుచుండగా ఇరుకు కాలువవెంట ఓడ మెల్లగా కదలుట చూడదగిన వింత. పై తట్టున నిలిచి ఆ మూడు కొండలకు నమస్కరింపని వృద్ధురాలుండదు.

అయితే ఇచ్చటికి ఓడ యెల్లకాలము రాదు. నైరృతి ఋతుపవనములకు అరేబియా సముద్రము అల్లకల్లోలమగు దినములలో ముంబయి ఓడ తూర్పునకు వచ్చును. అనగా జూన్, జూలై ప్రాంతము. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు మనవైపున తుపానుల భయము. కాలపట్టిక ఏటేట మారుచుండును. తెలంగాణలో బడులు జూన్ రెండవ వారమున తెరతురు. కావున పిల్లలుగల కుటుంబములన్నియు సెలవుల చివరి దినములకే ఎగబడును. అప్పటి గదులకు తగ్గింపునకై కాచుకొనుట నిష్ప్రయోజనము. బడి బాధ్యత తీరిన దంపతులకు మాత్రము బడులు తెరచిన పిమ్మటి వారములు, అందులోను శనివారము, ఆదివారము కలియని ప్రయాణములు, కొంత నయముగా దొరకును.

ఇప్పుడు మన లెక్కకు వత్తము. సికింద్రాబాదు నుండి విశాఖపట్నము సుమారు 700 కిలోమీటర్లు. 2023 జనవరి 15న మొదలైన వందే భారత్ రైలు ఎనిమిదిన్నర గంటలలో చేర్చును. రాత్రి ప్రయాణమునకు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎటులను కలదు. రైలు టిక్కెట్లు పూర్వము 120 దినములు ముందుగా ఇచ్చుచుండిరి. 2024 నవంబరు 1నుండి 60 దినములకు తగ్గించినారు. ఓడవారి చివరి తగ్గింపు వచ్చుట పదునైదు దినముల ముందనుకొందము. నలుగురి కుటుంబమునకు తలకు 4 వేలు చొప్పున 16 వేలు మిగిలినవని సంతోషింతుము. (ఇది ఊహకై వేసిన అంకె.) కాని అప్పటికి రైలులో నిరీక్షణ పట్టికయే మిగిలియుండును. తత్కాల్ దొరకునో దొరకదో ముందునాటి వరకు తేలదు. విమానమెక్కినచో రానుపోను నలుగురికి అయ్యెడి ఖర్చు ఆ 16 వేలను మ్రింగి మరికొంత అడుగును. విశాఖవాసి ఆటో యెక్కి రేవునకు పోగలడు. అతనికి చివరి తగ్గింపు పూర్తిగా మిగులును. మనకు మిగులదు.

కావున సుచిత్ర గృహిణి చేయదగినది ఇది యని మాకు తోచుచున్నది. ఓడ గదిని నాలుగైదు నెలల ముందుగా, రద్దు నియమములు చదివిన మీదటనే, కొనవలెను. ప్రయాణమునకు అరువది దినముల ముందు రైలు తలుపులు తెరచిన ఉదయముననే టిక్కెట్లు తీయవలెను. ఓడ బయలుదేరుటకు ముందునాడే రేవుపట్టణము చేరవలెను. ఆలస్యమైన రైలుకొరకు ఓడ నిలువదు, ఎక్కించుకొనుటయు కొన్ని గంటల ముందే ముగింతురు. కొన్ని ప్రయాణములు చెన్నైలో మొదలై విశాఖలో ముగియును, కొన్ని తిరిగి చెన్నైకే పోవును. ఇది చూచుకొనక రెండు రైలు టిక్కెట్లును ఒకే ఊరికి తీయుట జరుగుచుండును.

ప్రకటనలోని ధరను చూచి మురియరాదు. ఆ యంకె ఇద్దరు కలిసియుండు గదిలో ఒక్కరికి. రేవు రుసుము, పన్ను దానిపై వేయుదురు. వితంతువైన పెద్దమ్మ ఒంటరిగా నొక గది కోరినచో ఇంచుమించు ఇద్దరి సొమ్ము చెల్లింపవలసి వచ్చును. కుమార్తె గదిలోనే మూడవ మనిషిగా చేరినచో తక్కువ పడును. కిటికీ లేని లోపలి గది యన్నిటికంటె చవుక. పగలంతయు పై తట్టుననే గడుపువారికి అది చాలును. ఊపిరాడనట్లుండు స్వభావము గలవారికి చాలదు. భోజనము ధరలోనే చేరియుండును, శాకాహారమునకు, జైన భోజనమునకు గూడ లోటుండదు. పానీయములు, కొన్ని ప్రదర్శనలు, రేవులో దిగి ఊరు చూచుట వేరు లెక్క.

మరియొక మాట. ఓడవారు రేవులను మార్చు హక్కును తమ నియమములలో వ్రాసికొందురు. 2022 జూన్‌లో పుదుచ్చేరి ప్రభుత్వము అనుమతి నీయకపోవుటచే ఎంప్రెస్ నౌక ఆ రేవున ఆగకయే సాగిపోయెను. పుదుచ్చేరి చూడవలెనన్నదే ముఖ్యమైన కోరికయైనచో రైలే మేలు.

అమెరికాలోని పిల్లలకడకు పోవు తల్లిదండ్రుల సంగతి వేరు. సియాటిలులోని కుమారుడు అలాస్కా ఓడకు టిక్కెట్టు తీసితినని ఫోనులో చెప్పును, తల్లి పొంగిపోవును. కాని పరదేశపు జెండా గల ఓడ అమెరికా రేవులనుండి అమెరికా రేవులకే ప్రయాణికులను త్రిప్పరాదని 1886నాటి చట్టము కలదు. అందుచే సియాటిలునుండి పోవు ఓడలు సాధారణముగా కెనడాలోని విక్టోరియాలో ఆగును. మన పాస్‌పోర్టు గలవారికి కెనడా వీసాయు కావలెను. అమెరికా వీసా పెక్కుమార్లు ప్రవేశించుటకు వీలగునదై యుండవలెను. ఇచ్చట ధర తగ్గుట కాదు, వీసా వచ్చుటయే కాలమును నిర్ణయించును. కాగితములు చేతికి వచ్చువరకు సొమ్ము తిరిగిరాని టిక్కెట్టు కొనవలదని బిడ్డలకు ముందుగా చెప్పుట తల్లి పని.

చీటీ సొమ్ము సముద్రమునకు చాలని యేట నీటిప్రయాణము మానుకొననక్కరలేదు. నాగార్జునసాగరునుండి శ్రీశైలమునకు తెలంగాణ పర్యాటక సంస్థవారి లాంచీ కలదు. 2024 నవంబరులో ఆ ప్రయాణము మొదలైనప్పుడు ఒకవైపునకు పెద్దలకు 2000, పిల్లలకు 1600 రూపాయలు; రానుపోను 3000, 2400. ముందు కొనినను వెనుక కొనినను అదే ధర. మారునది నీటిమట్టము. జలాశయము నిండిన యేడే లాంచీ నడచును. వానలు లేని యేట మాటయే లేదు. ఇట్టి నీటిపై వరద తీయువరకు ఆగుట ధరకై ఆగుటకంటె ముఖ్యము. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు పోవు పడవ వరద గోదావరిలో కచ్చులూరు కడ మునిగి ఎన్నో ఇండ్లు చీకటియైనవి. కావున ఏ పడవవారినైనను ఎక్కకమునుపు తేలుచొక్కాలు అందరికి చాలునా యని అడుగుటకు మొగమాటపడరాదు. పిల్లలకు సరిపోవు కొలత గలవి వేరుగా అడుగవలెను.

లాంచీ నల్లమల కొండల నడుమ ఆరేడు గంటలు పోవును. ఎండకు తలగుడ్డ, త్రాగునీరు, పులిహోర పొట్లములు వెంటనుంచుకొనుట మేలు. దిగుచోటు శ్రీశైలపు ఆనకట్టకు దిగువనున్న లింగాలగట్టు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు అచ్చటినుండి పైకి ఎట్లు పోవలెనో బయలుదేరు ముందే కనుగొనవలెను.