స్క్వీజ్‌లో తెలుగు అడుగుపెట్టిన వేళ

సరుకు అంగడికి చేరకముందే దానిలోని లోపాలను ఊరందరికీ చాటి చెప్పే వర్తకుడు లోకంలో అరుదు. కాని కంప్యూటర్ల ప్రపంచంలో అటువంటి వారొక సమూహంగా ఏర్పడి మూడు దశాబ్దాలు దాటింది. నిజానికి వారు వర్తకులు కారు. తమ సరుకును ఉచితంగానే ఇస్తారు. 1993 ఆగస్టు 16వ తేదీన ఇయాన్ మర్డాక్ అనే అమెరికన్ విద్యార్థి ప్రకటించిన ‘డెబియన్’ అనే ఆపరేటింగ్ సిస్టం వారిది. కంప్యూటరులోని యంత్రభాగాలకూ, మనిషి వాడుకునే ప్రోగ్రాములకూ మధ్య నిలిచి రెండింటినీ నడిపించేదే ఆపరేటింగ్ సిస్టం. డెబియన్ సోర్సు కోడును, అంటే దాని మూలపాఠాన్ని, ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు, పంచిపెట్టవచ్చు. అందులోని దోషాలను దాచబోమని ఈ సమూహం 1997లో ఒక సామాజిక ఒడంబడిక ద్వారా మాట ఇచ్చింది.

డెబియన్ విడుదలలకు ‘టాయ్ స్టోరీ’ చలనచిత్రంలోని బొమ్మల పేర్లు పెడతారు. తొలినాళ్ళలో ఈ సమూహానికి నాయకత్వం వహించిన బ్రూస్ పెరెన్స్ ఆ చిత్రాన్ని నిర్మించిన పిక్సార్ సంస్థలో పనిచేసేవాడు. కొత్తగా వచ్చిన మార్పు మొదట ‘సిడ్’ అనే విభాగంలో పడుతుంది. సిడ్ అంటే ఆ చిత్రంలో బొమ్మలను విరగ్గొట్టే పొరుగింటి కుర్రవాడు. ఇంతకన్న నిజాయితీగల నామకరణం ఉండబోదు. 2010 నాటి నియమం ప్రకారం అక్కడ మామూలుగా పది రోజులపాటు కొత్త తీవ్రదోషాలేవీ బయటపడకుండా నిలిచిన మార్పు ‘టెస్టింగ్’ విభాగానికి, అంటే పరీక్షా ప్రతికి, చేరుతుంది. ఆ ప్రతి పక్వానికి వచ్చిందనుకున్నప్పుడు కొత్త చేర్పులను ఆపివేసి, ఉన్న దోషాలను మాత్రమే సరిచేస్తారు.

2010 ఆగస్టులో, న్యూయార్క్‌లో జరిగిన వార్షిక సమావేశ సమయంలో, ‘స్క్వీజ్’ అనే ప్రతికి ఇటువంటి కట్టడి ప్రకటించారు. ఆ పరీక్షా ప్రతిలోని కొత్త సంగతులు చాలానే ఉన్నాయి. కంప్యూటరు మేల్కొనేటప్పుడు ఒకదాని తరువాత ఒకటిగా జరిగే పనులు ఇక జమిలిగా సాగుతాయి. ఫైళ్ళను భద్రపరచే పద్ధతుల్లో కొత్తవి చేరాయి. అన్నింటికన్న వాదోపవాదాలకు తావిచ్చినది మాత్రం కెర్నెలు. కొన్ని పరికరాలు పనిచేయడానికి తయారీదారులు ఇచ్చే చిన్న ప్రోగ్రాములు కావాలి. వాటి మూలపాఠం ఎవరికీ చూపరు. అటువంటి వాటిని డెబియన్ తన కెర్నెలు నుంచి ఏరివేసి వేరే అరలో పెట్టింది. సిద్ధాంతం నిలబడింది, కాని కొందరి నెట్‌వర్క్ కార్డులు మూగబోయాయి. చివరికి 2022లో సభ్యులు ఓటు వేసి ఈ పట్టు సడలించారు. 2023లో వెలువడిన పన్నెండవ ప్రతి నుంచి ఆ ప్రోగ్రాములు ఇన్‌స్టాలేషన్ డిస్కులోనే ఉంటున్నాయి.

ఇంత వివాదం మధ్య, విడుదల వివరాల్లో ఒక చిన్న వాక్యం ఎవరి కంటా పడకుండా పోయింది. కంప్యూటరులో వ్యవస్థను నెలకొల్పే ప్రోగ్రామైన ఇన్‌స్టాలరులో కన్నడం, లావో, సింహళం, తెలుగు చేరాయన్నదే ఆ వాక్యం. అవి గ్రాఫికల్ ఇన్‌స్టాలరులో మాత్రమే లభిస్తాయన్న షరతు కూడ అందులోనే ఉన్నది. తెలుగువారు చదవవలసినది ఈ షరతునే.

ఇన్‌స్టాలరుకు రెండు రూపాలున్నాయి. మొదటిది కేవలం అక్షరాలతో నడిచే పాత తెర. అది గడినుడి వంటిది. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అక్షరం, అన్ని గడులదీ ఒకే కొలత, మొత్తం మీద 256 లేదా 512 ఆకృతులకే చోటు. ఇంగ్లీషు ఆ గడుల్లో హాయిగా ఇముడుతుంది. ‘స్త్రీ’ అనే మన ఒక్క అక్షరానికి యూనికోడులో ఆరు సంకేతాలు కావాలి. అవి వరుసగా పేర్చితే చాలదు. సకారానికి తలకట్టు పోయి గుడిదీర్ఘం రావాలి, తావత్తు కిందికి దిగాలి, దానికి రావత్తు తోడు కావాలి. ఈ కూర్పు చేయగల ప్రోగ్రాము గ్రాఫికల్ తెర వెనుక ఉన్నది. దాని పేరు ‘పాంగో’. సమస్తం అనే అర్థంగల గ్రీకు మాటనూ, భాష అనే అర్థంగల జపాను మాటనూ కలిపి కట్టిన పేరు. తెలుగు లిపికి యూనికోడులో స్థానం లభించింది 1991లో. లైనస్ టోర్వాల్డ్స్ హెల్సింకీ నుంచి లినక్సును ప్రకటించిందీ ఆ ఏడే. డెబియన్‌కు గ్రాఫికల్ ఇన్‌స్టాలరు వచ్చింది 2007లో. హిందీ, బెంగాలీ, తమిళం, మలయాళం అప్పుడే అందులో కాలుమోపాయి. తెలుగు మరి నాలుగేళ్ళు ఆగవలసి వచ్చింది.

అక్షరం కుదిరినంత మాత్రాన వాక్యం కుదరదు. ఇన్‌స్టాలరు వాక్యాల్లో అక్కడక్కడ ఖాళీలుంటాయి. డిస్కు పేరో, ఊరి పేరో ప్రోగ్రాము తరువాత వాటిలో నింపుతుంది. ఇంగ్లీషులో ఆ ఖాళీకి ముందు ఒక చిన్న మాట చేరిస్తే సరిపోతుంది. తెలుగులో విభక్తి నామానికి వెనుక అతుక్కుంటుంది, పైగా నామం చివరి అచ్చును బట్టి రూపం మార్చుకుంటుంది. తిరుపతికి అంటాం, కాకినాడకు అంటాం. ఖాళీలో ఏ పేరు పడుతుందో ఎరుగని అనువాదకుడు ‘కి’ రాయాలా, ‘కు’ రాయాలా? తప్పించుకునే మార్గం ఒక్కటే: ‘అనే పేరుగల డిస్కుకు’ అని ఒక మాటను అడ్డం వేయడం. వ్యాకరణం దక్కుతుంది గాని వాక్యం ప్రభుత్వ గెజిట్టులా బరువెక్కుతుంది.

మర్యాద సమస్య మరొకటి. యంత్రం మనిషిని అడిగేటప్పుడు ‘ఎంచుకోండి’ అనడమే ఉచితం. అదే తెర మీద మనిషి నొక్కే మీట, మనిషి యంత్రానికి ఇచ్చే ఆజ్ఞ. అక్కడ ‘ఎంచుకో’ అన్నా తప్పు కాదు. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారన్న ఈ ప్రశ్న ఇంగ్లీషు మూలంలో తలెత్తనే తలెత్తదు.

ఇవి భాషాభిమానుల కాలక్షేపపు చర్చలని కొట్టివేయడానికి వీలు లేదు. ఇన్‌స్టాలరులో ఒక తెర ఉన్నది. డిస్కును భాగాలుగా చేయడానికి, అవసరమైతే అందులోని సమస్తాన్నీ తుడిచివేయడానికి, అది అనుమతి కోరుతుంది. కథల పుస్తకంలో అచ్చుతప్పు దొర్లితే పాఠకుడు నవ్వుకుంటాడు. ఈ తెర మీద ‘ఉంచు’, ‘తుడుచు’ అన్న రెండు మాటల మధ్య సందిగ్ధం మిగిలితే ఒక ఇంటి పెళ్ళి ఫోటోలూ, ఒక దుకాణం పద్దులూ క్షణంలో మాయమవుతాయి. ప్రోగ్రాములోని దోషాన్ని ప్రపంచంలో ఎవరైనా పట్టుకోగలరు. తెలుగు వాక్యంలోని దోషాన్ని తెలుగు చదివే మనిషే పరీక్షా ప్రతి ముందు కూర్చుని పట్టుకోవాలి.

ఆ తెర మీది పనికి తెలుగు మాట వెతికితే ముందుగా తట్టేది ‘విభజన’. 2010లో శ్రీకృష్ణ కమిటీ రాష్ట్ర భవిష్యత్తుపై విచారణ జరుపుతూ ఉన్నది. ఆ మాట దినపత్రికల పతాక శీర్షికల్లో మండుతూ ఉన్నది. డిస్కు విభజన గురించి నిర్వికారంగా రాయడానికి ఆ సంవత్సరం అంత అనుకూలమైనది కాదు.

ఈ కొత్త సదుపాయానికి ఒక వెలితి మొదటి రోజు నుంచీ ఉన్నది. జ్ఞాపకశక్తి, అంటే మెమరీ, బాగా తక్కువగా ఉన్న యంత్రాన్ని గుర్తిస్తే ఇన్‌స్టాలరు తన బరువు తగ్గించుకుంటుంది. అనువాదాలను పక్కన పెట్టి ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది. గ్రాఫికల్ రూపానికి అక్షరాల తెర కన్న ఎక్కువ మెమరీ కావాలి. పాత కంప్యూటరుకు మళ్ళీ ప్రాణం పోస్తుందన్నది లినక్సుకు ఉన్న పెద్ద పేరు. పాత యంత్రమే గతి అయిన పల్లెటూరి పాఠశాలలో తెలుగు అవసరం అందరికన్న ఎక్కువ; తెలుగు కనిపించకపోయే అవకాశమూ అక్కడే ఎక్కువ. ఇది ఎవరి దురుద్దేశమూ కాదు, లెక్క అలా కుదిరింది. లెక్క కుదిరిన తీరును తప్పుపట్టకుండా ఉండటం మాత్రం కష్టం.

2011 ఫిబ్రవరి 6వ తేదీన స్క్వీజ్ పరీక్షలన్నీ ముగించుకుని స్థిరమైన ప్రతిగా వెలువడింది. దాని వెనుకే మరో పరీక్షా ప్రతి మొదలైంది. 2013లో ‘వ్హీజీ’, 2015లో ‘జెస్సీ’ వచ్చాయి. ప్రతి విడతలోనూ ఇంగ్లీషు మూలంలో కొన్ని వాక్యాలు మారుతాయి, కొన్ని కొత్తగా చేరుతాయి. అనువాదం మరీ వెనుకబడిన భాషను జాబితా నుంచి తొలగించే ఆచారమూ ఉన్నది. అంతదాకా రాకపోయినా, అనువాదం కాని వాక్యం తెర మీద ఖాళీగా ఉండదు. తెలుగులో సాగుతున్న ప్రశ్నల మధ్య అదొక్కటే ఇంగ్లీషులో ప్రత్యక్షమవుతుంది, డిస్కును తుడిచివేయడానికి అనుమతి అడిగే వాక్యమైనా సరే.