నీళ్ల దారిలో నేస్తం ఇంటికి...

కొల్లం నుంచి అలెప్పీ వరకూ నీటి మీద దాదాపు 80 కిలోమీటర్లు. ఒక పక్క సముద్రం, మరో పక్క కొబ్బరితోటలు. మధ్యలో సరస్సులు, కాల్వలు, లాకులు. కేరళ అనగానే అందరూ హౌస్‌బోటు ఎక్కుతారు. మేం మాత్రం ఓ చేపల పడవెక్కి మిత్రుడి ఇల్లు చూడ్డానికి వెళ్లాం. అదీ, ఆ ఇల్లు అమ్మేసేలోపు!

‘‘ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నాం. ఈలోపు ఒక్కసారి వచ్చిపోరా. బస్సులో కాదు, నీళ్ల మీదే రావాలి’’... 2019 జనవరిలో ఓ రాత్రి వచ్చిన ఫోన్ అది. చేసింది కుట్టనాడ్ మిత్రుడు. హైదరాబాద్‌లో జర్నలిజం డిప్లొమా చదివే రోజుల్లో విద్యానగర్‌లోని ఓ గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. నేనూ, ఇద్దరు మలయాళీలూ. వాళ్లలో ఒకడిది కొల్లం, రెండోవాడిది కుట్టనాడ్. మా ఆవకాయ వాళ్లూ, వాళ్ల చేపల పచ్చడి నేనూ ఖాళీ చేసేవాళ్లం. ‘మా ఇంటికి గుమ్మం దాకా పడవలో రావచ్చు’ అని కుట్టనాడ్ వాడు గొప్పలు పోతుంటే ‘సర్లేరా’ అనేవాణ్ని. వెళ్దాం వెళ్దాం అంటూనే ఎనిమిదేళ్లు గడిచాయి. 2018 ఆగస్టులో వచ్చిన వరదకు ఆ గుమ్మం మునిగింది. ఐదు నెలల తర్వాత ఈ ఫోన్!

పడవ ప్రయాణం మా ఇంట్లో కొత్త మాట కాదు. మా అమ్మమ్మగారి ఊరు పెదగంజాం దగ్గర. బకింగ్‌హామ్ కాల్వ మొదలయ్యేది అక్కడే. అక్కణ్నుంచి మద్రాసు మీదుగా తమిళనాడులోని మరక్కాణం దాకా 420 కిలోమీటర్లు సాగుతుంది. ఉప్పూ, కట్టెలూ, బియ్యం వేసుకుని పడవలు మద్రాసు వెళ్లేవని తాతయ్య కథలుకథలుగా చెప్పేవాడు. నాకు ఊహ తెలిసేసరికి కాల్వ ఉంది, పడవలే లేవు. అందుకే ‘నీళ్ల మీదే రావాలి’ అన్న మాట నన్ను కదిలించింది. ఫిబ్రవరిలో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేశా.

ఎనిమిది పాయల సరస్సు

కొల్లం మిత్రుడి ఇల్లు అష్టముడి సరస్సు ఒడ్డునే. మలయాళంలో ‘ముడి’ అంటే జుట్టు. ఎనిమిది పాయలుగా విడిపోయిన సరస్సు కాబట్టి అష్టముడి. నీండకర దగ్గర ఇది సముద్రంలో కలుస్తుంది. 1953లో నార్వే సాయంతో మొదలైన పథకంలో భాగంగా మరపడవలు వచ్చింది ఈ తీరానికే. మిత్రుడి తాత వాటి మీద పనిచేశాడట. నాన్నకు ఇప్పటికీ ఓ మోటారు పడవ ఉంది. మమ్మల్ని కుట్టనాడ్ దాకా తీసుకెళ్లేది ఆయనే.

ఉదయం ఏడింటికి బయల్దేరాం. ఉడికించిన కర్రపెండలం, ఎర్రటి చేపల కూర డబ్బాల్లో సర్దిచ్చింది వాళ్లమ్మ. సరస్సు అంచున వరసగా చైనా వలలు. నాలుగు కర్రల చివర వేలాడదీసిన ఆ పెద్ద వలలు నెమ్మదిగా నీళ్లలోకి వంగి, మళ్లీ పైకి లేస్తున్నాయి. మెడలోతు నీళ్లలో నిలబడి కొందరు అడుగున వెతుకుతున్నారు. ‘వాళ్లేం చేస్తున్నారు?’ అంటే, ‘ఆల్చిప్పలు ఏరుతున్నారు. ఇవి విదేశాలకు పోతాయి’ అన్నాడు మిత్రుడు. పిల్ల ఆల్చిప్పల్ని పట్టకుండా, గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపేసి జాగ్రత్తపడినందుకు 2014లో ఇక్కడి వేటకు ఎంఎస్‌సీ అనే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. మన దేశంలో దాన్ని అందుకున్న తొలి చేపలవేట ఇదే.

నీళ్లకూ నీళ్లకూ మధ్య

సరస్సు దాటి కాల్వలోకి మళ్లగానే దృశ్యం మారిపోయింది. చవర దగ్గర ఇసుక నల్లగా మెరుస్తోంది. అందులో ఇల్మనైట్, మోనజైట్ లాంటి ఖనిజాలున్నాయి. వాటికోసం దశాబ్దాలుగా తవ్వుతూనే ఉన్నారు. ఇంకాస్త ముందుకెళితే అలప్పాడ్. ఎడమవైపు సముద్రం, కుడివైపు కాల్వ... మధ్యలో సన్నటి నేల. కొన్నిచోట్ల ఇంటి ముందు నిలబడితే అలల చప్పుడు, వెనక్కి వెళితే పడవల చప్పుడు.

ఆ ఊళ్లోనే మా మిత్రుడి మేనత్త ఇల్లు. పడవ నేరుగా పెరటి మెట్ల దగ్గర ఆగింది. మధ్యాహ్నం భోజనం అక్కడే. అన్నం వడ్డిస్తూ 2004 డిసెంబరు 26 సంగతి చెప్పింది. సునామీ వచ్చినప్పుడు కేరళలో ఎక్కువమంది చనిపోయింది ఈ అలప్పాడ్‌లోనే. ‘‘అల ముందు నుంచి వచ్చింది. వెనక్కి పరిగెత్తితే కాల్వ. పిల్లల్ని పట్టుకుని ఎక్కడికని పోతాం? అవతలి ఒడ్డువాళ్లు పడవలేసుకుని వచ్చారు. వాళ్లు రాకపోతే ఇవాళ నీకు అన్నం పెట్టేదాన్ని కాదు బాబూ’’ అందామె. మిత్రుడు తెలుగులో చెబుతుంటే నా చేతిలో ముద్ద ఆగిపోయింది. ఆ తర్వాత 2006లో ఇక్కడ కాల్వ మీద నడకదారి వంతెన కట్టారు. అటుగా వెళ్తున్నప్పుడు చూశాం. మళ్లీ అల వస్తే అవతలికి పరిగెత్తడానికి అదో దారి.

అవతలి ఒడ్డున ఆలుంకడవు. ‘కెట్టువళ్లం’ పడవల తయారీకి పేరున్న ఊరు. కెట్టు అంటే కట్టడం, వళ్లం అంటే పడవ. ఆంజిలి చెక్కల్ని కొబ్బరితాడుతో కుట్టేస్తారు. ఒక్క మేకూ వాడరు. ఒకప్పుడు టన్నులకొద్దీ వడ్లు మోసిన ఈ పడవలే రోడ్లూ లారీలూ వచ్చాక పనిలేక మూలనపడ్డాయి. 1990ల్లో వాటికి గదులు కట్టి హౌస్‌బోట్లుగా మార్చారు. మన కాల్వల మీది పడవలకు అలాంటి రెండో జన్మ దొరకలేదు.

కవిని మింగిన మలుపు

ఆ రాత్రి మేనత్త ఇంట్లోనే పడుకుని తెల్లారకముందే మళ్లీ పడవెక్కాం. కాయంకుళం సరస్సు మీద పొగమంచు. ఒడ్డున ఎన్టీపీసీ విద్యుత్కేంద్రం. అక్కడి నీళ్లమీద 92 మెగావాట్ల సౌరఫలకాలు తేలేలా ఏర్పాటు చేయడం 2022లో పూర్తయింది. మన రామగుండంలో 100 మెగావాట్ల తేలే సౌర కేంద్రం పూర్తయిన ఏడాదే అదీ.

త్రికున్నపుళ దగ్గర లాకులు. తలుపులు తెరిచేదాకా ఆగాల్సిందే. సముద్రపు ఉప్పునీరు పొలాలవైపు పోకుండా, పడవలు మాత్రం దాటేలా చేసిన ఏర్పాటిది. గోదావరి జిల్లాల వాళ్లకు లాకుల గురించి వేరే చెప్పక్కర్లేదు. తేడా ఒక్కటే. అక్కడ లాకుల దగ్గర మనుషులు సాయంత్రం గాలికి కూర్చుంటారు. ఇక్కడ పడవలు బారులు తీరుతాయి. ఈ కాల్వను కొల్లం నుంచి కొట్టపురం దాకా 1993లోనే మూడో జాతీయ జలమార్గంగా ప్రకటించారు మరి.

పల్లన దగ్గరికి రాగానే వాళ్ల నాన్న ఇంజిన్ వేగం తగ్గించాడు. ‘‘ఇక్కడే ఆశాన్ పోయింది’’ అన్నాడు. ఆధునిక మలయాళ కవిత్వానికి దారివేసిన ముగ్గురిలో ఒకరైన కుమారన్ ఆశాన్. 1924 జనవరి 16న ఆయన కూడా మాలాగే కొల్లం నుంచి అలెప్పీకి బయల్దేరాడు. పడవ పేరు ‘రిడీమర్’... అంటే రక్షకుడు. మోయగలిగిన దానికన్నా ఎక్కువ మందిని ఎక్కించుకున్న ఆ పడవ తెల్లవారుజామున ఇక్కడ తిరగబడింది. ఆశాన్‌కు అప్పటికి యాభయ్యేళ్లు. ఒడ్డున ఆయన స్మారకం ఉంది. కులం పేరుతో మనిషిని దూరం పెట్టడాన్ని కవిత్వంలో నిలదీసిన మనిషి అన్ని కులాలవాళ్లూ కిక్కిరిసి కూర్చున్న పడవలో వెళ్లిపోయాడు. చదువు పెద్దగా లేని ఓ జాలరి ఓ కవి కోసం ఇంజిన్ తగ్గించడం చూసి, మన కవులకు మనం ఎక్కడైనా ఇలా ఆగుతామా అనిపించింది.

తోట్టపల్లి దాటాక కరుమాడి. కాల్వ ఒడ్డున చిన్న మండపంలో నల్లరాతి బుద్ధుడు. ఎడమవైపు సగం లేదు. ఊళ్లోవాళ్లు ముద్దుగా ‘కరుమాడిక్కుట్టన్’... కరుమాడి పిల్లాడు అంటారు. అమరావతినీ నాగార్జునకొండనూ చూసిన కళ్లకు చిన్న విగ్రహమే. కానీ ఊరంతా ఇంటి పిల్లాడిలా పిలుచుకునే బుద్ధుణ్ని నేనెక్కడా చూళ్లేదు.

గోడ మీద గీత

సాయంత్రానికి కుట్టనాడ్ చేరాం. ఇక్కడ కాల్వ ఎత్తులో ఉంటుంది, పొలం పల్లంలో ఉంటుంది. పడవలోంచి వంగి చూస్తే కింద వరిచేలు! వేంబనాడ్ సరస్సులోంచి గట్లు వేసి సంపాదించుకున్న నేల ఇది. చాలాచోట్ల సముద్రమట్టం కన్నా దిగువనే ఉంటుంది. నీళ్లు తోడిపోసి నాటడం, గట్టు తెగకుండా రాత్రింబవళ్లు కాపలా కాయడం... తరాలుగా ఇదే సేద్యం. ఈ పద్ధతిని 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. జ్ఞానపీఠం అందుకున్న తకళి శివశంకర పిళ్లైది ఈ ప్రాంతమే. ఎం.ఎస్.స్వామినాథన్ పూర్వికుల ఊరు మంకొంబు కూడా ఇక్కడే.

మిత్రుడు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. వాడన్నట్టే... పడవ నేరుగా గుమ్మం ముందే ఆగింది! ‘ఎనిమిదేళ్లు పట్టిందిరా నీకు’ అన్నాడు, తెలుగులోనే.

లోపలికెళ్తే ముందుగదిలో గోడ మీద గీత. నా భుజాల ఎత్తున ఉంది. 2018 ఆగస్టులో పంబ, మణిమల, అచ్చన్‌కోవిల్ నదులన్నీ ఒకేసారి పొంగి ఇక్కడికే చేరాయి. ఆ నీటిని సముద్రంలోకి వదలడానికి 1955లో కట్టిన తోట్టపల్లి తూము ఉంది కానీ, అనుకున్నంత నీరు వదలడం దానివల్ల కావడం లేదు. స్వామినాథన్ పరిశోధన సంస్థ 2007లో ఇచ్చిన కుట్టనాడ్ నివేదిక కూడా దాన్ని బాగుచేయమనే చెప్పింది. దాదాపు కుట్టనాడ్ మొత్తాన్నీ ఖాళీ చేయించాల్సి వచ్చింది. అప్పుడే తీరంలోని జాలర్లు తమ పడవల్ని లారీల మీద వేసుకుని మరీ వచ్చారు. మిత్రుడి తల్లిని కిటికీలోంచి పడవలోకి దింపింది వాళ్లే.

మేం వచ్చిన పడవను ఆమె చాలాసేపు చూసింది. తర్వాత కొల్లం మిత్రుడి నాన్న దగ్గరకొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ఆయన కంగారుపడ్డాడు. ‘‘నేను కాదమ్మా... మమ్మల్ని చెంగన్నూర్ పంపారు. ఇటు రాలేకపోయాను’’ అన్నాడు. ఆ మాట చెప్పలేకే ఆర్నెల్లుగా ఈ ఇంటికి రాలేదట. అది మాకు అప్పుడే తెలిసింది. ఆమె చేతులు వదల్లేదు. ‘‘చెంగన్నూర్‌లో నాలాంటి ముసలమ్మని దింపే ఉంటారుగా. అది నేనే అనుకోండి’’ అంది. ఆయన అటు తిరిగి పడవ తాడు సర్దుకున్నాడు. అప్పటికే అది గట్టిగానే కట్టి ఉంది.

రాత్రి అందరం వసారాలో కూర్చున్నాం. అరిటాకులో కాల్చిన కరిమీన్ చేప, ఎర్రబియ్యం అన్నం. ఇల్లు అమ్మేసి చంగనాశ్శేరిలో మెరక మీద స్థలం కొనాలన్నది మిత్రుడి ఆలోచన. తప్పని ఎలా అనగలం? పిల్లలున్నవాడు. వర్షాకాలం వస్తే నిద్రపట్టదంటాడు. వాళ్లమ్మ మాత్రం ‘నీళ్లు ఏటా వస్తాయి, ఏటా పోతాయి. మెరక మీద ఇంటికి చుట్టాలు ఎలా వస్తారు... బస్సులోనా?’ అంది. అందరం నవ్వాం. గోడ మీద గీతకు సున్నం వేయనివ్వనిది కూడా ఆమేనట. ఎందుకని అడిగితే, ‘మర్చిపోతే మళ్లీ కిందే పడుకుంటారు’ అంది.

ఆ తర్వాత 2020, 2021ల్లోనూ కుట్టనాడ్‌కు వరదలొచ్చాయి. ఫోన్ చేసిన ప్రతిసారీ ముందు అడిగేది అదే... ‘ఇల్లేమైంది?’ అని. వానలకు మాత్రం చంగనాశ్శేరిలో అద్దెకుంటున్నారు. నీరు తీయగానే తిరిగొస్తున్నారు. మొన్న మళ్లీ అడిగాను. ‘‘అమ్మలేదురా. కొనేవాళ్లే రాలేదు’’ అన్నాడు దిగులుగా. వెనకనుంచి వాళ్లమ్మ గొంతు వినిపించింది. ఏమందో చెప్పరా అంటే, కాసేపాగి చెప్పాడు.

‘‘కొనేవాళ్లు కూడా నీళ్ల మీదే రావాలిగా. దారి తెలిసినవాళ్లయితే వస్తారు అంటోంది.’’

ఇలా వెళ్లొచ్చు...

మన ప్రాంతం నుంచి కొల్లంకు రైళ్లున్నాయి. శబరి ఎక్స్‌ప్రెస్ గుంటూరు, ఒంగోలు, నెల్లూరు మీదుగా వెళ్తుంది. కొల్లం నుంచి అలెప్పీ (ఆలప్పుళ) వరకూ నీటి మీద వెళ్లాలంటే కనీసం ఎనిమిది గంటలు పడుతుంది. నేరుగా వెళ్లే బోటు ఉందో లేదో ముందే కనుక్కుని బయల్దేరాలి. లేదంటే అలెప్పీలోనే కేరళ జలరవాణా శాఖ ప్రయాణికుల బోటు ఎక్కండి. హౌస్‌బోటుతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. బడిపిల్లలూ కూరగాయల సంచులతో అమ్మలూ తోడుంటారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లడానికి అనువైన కాలం. ఆ దారిలో మీకెవరైనా స్నేహితులుంటే మాత్రం... ఎనిమిదేళ్లు ఆగకండి!