మా అక్క కొనలేకపోయిన మామిడి పెట్టె

ఈ పోస్టు కాస్త పెద్దది, తీరిక ఉన్నప్పుడు చదవండి. ఫోన్లో దుకాణం పెట్టి పంట అమ్ముకుందామనుకునే రైతులకు పనికొస్తుందని రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉంది.

మాది నూజివీడు వైపు. మూడెకరాల మామిడి తోట. బంగినపల్లి ఎక్కువ, చిన్న రసాలు కొన్ని చెట్లు. మా నాన్న కాలం నుంచి పూత మీదే తోటను గుత్తకిచ్చేవాళ్ళం. నిరుడు మొండికేశాను. గుత్తదారు ఇస్తానన్న అడ్వాన్సు వద్దన్నాను. మా అమ్మాయి బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. "నాన్నా, దుకాణం నేను తయారుచేస్తా, నువ్వు పెట్టెలు కట్టు చాలు" అంది. రెండు ఆదివారాలు కూర్చుని చేసింది.

చూడ్డానికి ఎంత బాగుందో! తెరవగానే పొద్దుటెండలో మా తోట, మధ్యలో భుజాన తువ్వాలుతో నేను. దాని కింద మా తాత తోట వేసిన కథ. ఇంకా కిందికి పోతే కాయలు. లింకు ఈ పేజీలోనే పెట్టాను, మీలో చాలామంది చూశారు. పది రోజుల్లో మూడు వందల మంది పైన తెరిచారని అమ్మాయి లెక్క చూసి చెప్పింది. డబ్బు కట్టింది తొమ్మిది మంది.

మామిడి మన కోసం ఆగదు కదా. పక్వానికొచ్చిన కాయ చెట్టు మీద ఉంచితే రాలుతుంది, కోస్తే పండుతుంది. చివరికి చాలా వరకు మార్కెట్‌కే తోలాను. గుత్తకిస్తే వచ్చేదానికన్నా తక్కువే చేతికొచ్చింది. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే కష్టంగా ఉండింది.

మే నెలాఖరులో ఒక పెళ్ళికని హైదరాబాద్ వెళ్ళి, కూకట్‌పల్లిలో మా అక్క ఇంట్లో దిగాను. అక్కకి అరవై దాటాయి. కూరగాయలు, కరెంటు బిల్లు అన్నీ ఫోన్లోనే కానిస్తుంది. "అక్కా, మన దుకాణంలో ఒక పెట్టె కొను. నేను పక్కన కూర్చుంటా, నోరు మెదపను" అన్నాను.

నోరు మెదపకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. తెరవగానే నా ఫొటో సగం వరకే వచ్చి ఆగింది. బరువైన ఫొటో, నిదానంగా దిగుతోంది. అక్క బొటనవేలితో పైకి తోసింది, మళ్ళీ తోసింది. "ఒరేయ్, నువ్వు కనపడ్డావు, మీ తాత కనపడ్డాడు, కాయలేవిరా?" అంది. కాయలు దొరికాయి. "అయిదు కిలోలంటే ఎన్నొస్తాయి? పచ్చివా, పండినవా? ఏ రోజుకి వస్తాయి? ఆదివారం మేం ఊళ్ళో ఉండం." ఒక్కదానికీ అక్కడ జవాబు లేదు. ఆకుపచ్చ ఆకుల బొమ్మ మీద ఆకుపచ్చ బటన్ పెట్టాం, కళ్ళజోడు సర్దుకుని మరీ వెతికింది. నొక్కితే ఈమెయిల్ అడిగింది, పాస్‌వర్డ్ పెట్టుకోమంది. విసుక్కుంటూనే పెట్టింది. అడ్రసంతా కొట్టింది. అన్నీ అయ్యాక ఆఖరి పేజీలో 750 రూపాయల పెట్టె 980 అయింది. కొరియర్ ఖర్చు 230 అక్కడ కలిసింది.

అక్క ఫోను బల్ల మీద పెట్టేసింది.

"డబ్బు కోసం కాదురా. మొదట్లోనే 980 అని ఉంటే కొనేదాన్నేమో. ఇంత దూరం తీసుకొచ్చి చెబితే, ఇంకా ఏం దాచారో అనిపిస్తుంది" అంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్ళుగా మార్కెట్‌ని నేను తిట్టుకునేది దీనికే కదా. పాటలో ఒక రేటు పలుకుతుంది. చీటీ చేతికొచ్చేసరికి కమీషను, హమాలీ, తరుగు పోయి ఇంకో రేటు అవుతుంది. ముందే చెబితే ఇష్టమైతే ఇస్తాం, లేకపోతే బండి తిప్పుకుంటాం. కాయ దింపాక చెబితే ఏం చేస్తాం? నేను మా అక్కకి చేసిందీ అదే. తెలియక చేశాను, నిజమే. కానీ కొనేవాళ్ళకి మన మనసు కనపడదు, తెర మీద ఉన్నదే కనపడుతుంది.

1999లో రైతుబజార్లు పెట్టిన కొత్తలో నేను విజయవాడలో కూరగాయలు అమ్మాను. గేటు దగ్గరే ఆ రోజు ధరల బోర్డు ఉండేది. మనిషి లోపలికి అడుగు పెట్టకముందే టమాటా ఎంతో తెలిసేది. సరుకు ముందు, ధర పైన, తూకం ఎదురుగా. మన కథ చెప్పేది వాళ్ళు సంచీలో వేయించుకునేటప్పుడు. అవన్నీ నాకు తెలిసినవే. ఫోన్లోకి వచ్చేసరికి మర్చిపోయాను.

ఈ సంవత్సరం సంక్రాంతికి అమ్మాయి వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని మార్చాం. నా ఫొటో తీసేద్దామంటే చిన్నబుచ్చుకుంది. "ఇష్టంగా పెట్టాను నాన్నా" అంది. సరే, తీయలేదు, అట్టడుగుకి దించాం. పైన కాయలొచ్చాయి. కొమ్మ మీద అందంగా ఉన్నవి కాకుండా, పెట్టెలో ఎలా పంపుతామో అలాగే, పక్కన మా ఆవిడ చెయ్యి పెట్టి తీసిన ఫొటో. చెయ్యి ఉంటే కాయ సైజు తెలుస్తుంది. ఒక్కో ఫొటో ఆరు ఎంబీ ఉండేదట, తగ్గించి రెండు వందల కేబీ లోపుకి తెచ్చింది. మా ఊళ్ళో ఒక్క గీత సిగ్నల్‌లో కూడా తెరుచుకుంటోంది ఇప్పుడు.

ఫొటో కిందే ధర. కొరియర్‌తో కలిపి ఎంతో ఒకే అంకె, దాని కింద చిన్న అక్షరాల్లో కాయకెంత, కొరియర్‌కెంత. అన్నిటికన్నా ముందు పిన్ కోడ్ అడుగుతుంది. ఆ ఆరంకెలు కొడితే అక్కడికి పంపగలమో లేదో, ఎంతవుతుందో, ఏ రోజుకి అందుతుందో చెబుతుంది. పాస్‌వర్డు తీసేశాం. పేరు, ఫోను, అడ్రసు, యూపీఐ, అంతే. బటన్ ముదురు నారింజ రంగులో, బొటనవేలికి అందేలా కింద. మీద "కొనండి" అని తెలుగులో.

కాటా మీద పెట్టి లెక్కపెట్టి "బంగినపల్లి 5 కిలోలు, 12 నుంచి 15 కాయలు" అని రాశాం. "పచ్చి కాయలే పంపుతాం. కార్బైడ్ వాడం. గడ్డిలోనో కాగితంలోనో ఉంచితే అయిదారు రోజుల్లో పండుతాయి. పండేదాకా ఫ్రిజ్‌లో పెట్టొద్దు" అని కూడా రాశాం. నిరుడు ఆ తొమ్మిది మందిలో ముగ్గురు కాయ పచ్చిగా వచ్చిందని గొడవ పెట్టుకున్నారు. ఫొటోలో మనం పండు చూపిస్తే వాళ్ళ తప్పేముంది?

మా మేనల్లుడు ఒక సలహా ఇచ్చాడు. "మావయ్యా, ఇంకా 3 పెట్టెలే మిగిలాయి అని ఎర్రగా వేసి, పక్కన గడియారం తిప్పితే జనం గబగబా కొంటారు" అని. చెట్ల మీద టన్నుల కాయ పెట్టుకుని మూడంటే ఎలా? అమ్మాయి చెప్పింది, 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చిందట. ఆన్‌లైన్ అమ్మకాల్లో చేయకూడని 13 మాయ పద్ధతులు అందులో ఉన్నాయి. లేని కొరత చూపించి తొందరపెట్టడం ఒకటి. ధరలో కొంత దాచి చివర్లో చెప్పడం ఇంకొకటి. రెండోది విని తల దించుకున్నాను.

సీజను ముగిసింది. లక్షలేమీ రాలేదు. మూడో వంతు కాయ మాత్రం పెట్టెల్లో పోయింది, మిగతాది మార్కెట్‌కే. తెరిచేవాళ్ళ సంఖ్య నిరుటి కన్నా పెద్దగా పెరగలేదు, కొనేవాళ్ళు పెరిగారు. పచ్చిగా ఉన్నాయన్న గొడవ ఒక్కటీ రాలేదు. దెబ్బ తగిలిన కాయల మీద రెండు వచ్చాయి, డబ్బు వెనక్కిచ్చాను. పైసలు మిగిలాయి కాబట్టి వచ్చే ఏడు కూడా గుత్తకివ్వడం లేదు. మా ఆవిడ కూడా సరేనంది.

తోటి రైతులకు ఒక్క మాట. దుకాణం బాగుందా అని ఎవరినీ అడగొద్దు, మొహమాటానికి బాగుందంటారు. అక్కకో, పిన్నికో ఫోను చేతికిచ్చి కొనమనండి. పక్కన కూర్చుని వేలు ఎక్కడ ఆగుతుందో చూడండి. నోరు మాత్రం మెదపొద్దు.

మా అక్క ఈసారి తనే రెండు పెట్టెలు కొంది. ఊరికే పంపుతానన్నా వినలేదు. డబ్బు కట్టాక ఫోన్ చేసి, "ఈసారి ఏమీ దాచలేదు కదరా" అంది.