మూడో భోక్త

మర్నాడు నాన్న సంవత్సరీకం. దండెం మీద మడిబట్టలు ఆరుతున్నాయి. చుట్టాలు దిగుతున్నారు. మా తమ్ముడు మాత్రం నడిమింట్లో చాప మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని అందులోకే చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. నాన్న పోయిన రాత్రి కూడా వీడు బెంగళూరు ఆఫీసులోనే ఉన్నాడు మరి!

"రేపైనా మాతో ఉంటావట్రా?" అన్నాను.

"ఆ రాత్రి ఆగిపోయింది కూడా ఇదే అక్కా. కారణం తెలీక రీస్టార్ట్ చేసి బస్సెక్కేశా. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆగుతూనే ఉంది. ఇవాళ దొరికింది."

వాడు రాసేది డ్రైవర్. కారు తోలే డ్రైవర్ కాదులెండి, కంప్యూటర్‌కీ డిస్క్‌కీ మధ్య కబురు మోసే ప్రోగ్రాము. లినక్స్‌లో ఇలాంటివి కొన్ని పనుల్ని అప్పటికప్పుడు చేయకుండా వరసలో పెడతాయట. వాటిని చేసేందుకు 'వర్కర్లు' ఉంటారు. చాలకపోతే సిస్టమ్ కొత్త వర్కర్‌ను పుట్టిస్తుంది. అందుకు కాస్త మెమొరీ కావాలి. మెమొరీ నిండిపోయి ఉంటే? అందులో కొంత డిస్క్ మీదకు రాసి ఖాళీ చేయాలి. రాయాలంటే వరసలో ఉన్న డ్రైవర్ పని జరగాలి. అది జరగాలంటే వర్కర్ కావాలి!

"పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు, పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు" అన్నాను.

"అదే!" అని నవ్వాడు. నాన్న పోయాక వాడు నవ్వగా చూడటం అదే మొదలు.

మందు 2010 నుంచీ లినక్స్‌లోనే ఉందట. టెజున్ హియో ఈ వరసల ఏర్పాటును తిరగరాసినప్పుడు, ఇలాంటి చిక్కుల కోసం ఒక వర్కర్‌ను ముందే పుట్టించి పక్కన కూర్చోబెట్టే వీలు పెట్టారు. పేరు రెస్క్యూయర్. వరస తయారుచేసేటప్పుడే 'నాకు ఒకడు కావాలి' అని ఒక్క మాట చేర్చాలి. చేర్చలేదు. ఆ లైను రాసింది మావాడే.

"మూడో భోక్తకి ఎందుకమ్మా చెప్పడం అన్నా పొద్దున. ఇద్దరిలో ఒకరు రాకపోతే అప్పటికప్పుడు ఎక్కడ వెతుకుతాంరా అంది. అక్కడ వెలిగింది!"

మార్చింది ఒక్క మాట. పరీక్షకు రాత్రంతా పట్టింది. ఎక్కడో ఆఫీసులో ఉన్న మెషీన్‌లో మెమొరీ నింపడం, డిస్క్‌కు రాయించడం, ఆగుతుందేమోనని చూడటం. నేనూ పక్కనే కూర్చున్నా. నాన్న ఆఖరి గంటల గురించి అప్పుడడిగాడు, ఏడాదికి. చెప్పాను.

నాలుగున్నరకి అమ్మ లేచి, "నీళ్ళు తోడాను, స్నానానికి లేవరా" అంది. మెషీన్ నడుస్తూనే ఉంది. ల్యాప్‌టాప్ మూసి లేచాడు.

భోక్తలిద్దరూ వేళకే వచ్చారు. మూడో ఆయన కబురు కోసం ఇంట్లోనే కనిపెట్టుకుని ఉన్నాడట. అమ్మ ఆయనకీ స్వయంపాకం సర్దింది. తమ్ముడే తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు.