క్షురప్రశస్తి

తిరుపతి గాంధీరోడ్డులోని ఒక పెద్ద అంగడికి మొన్న బ్లేడ్లు కొనుటకు పోయితిని. నేనడిగినది గడ్డము గీసుకొను రెండంచుల బ్లేడు. ఒక్కొక్కటి కాగితములో చుట్టి, అయిదేసి చొప్పున చిన్న డబ్బీలో పెట్టి అమ్ముదురే, అది. అంగట్లోని కుర్రవాడు నావైపు జాలిగా చూచి, “అవి ఇప్పుడెవురు వాడతారు సామీ? ఇది తీసుకోండి. దీంట్లో అయిదు బ్లేడ్లు ఒకే వరసలో ఉండాయి. కండ్లు మూసుకొని గీసుకోవచ్చు” అని, తాళము వేసిన అద్దాల బీరువా తెరచి, ప్లాస్టిక్కు అట్టలో బిగించిన వస్తువొకటి నా ముందు పెట్టెను. ఆ కుర్రవానిపై నాకు కోపము లేదు. ఎవరో నేర్పిన మాటను అతడు అప్పగించెను. కోపము వచ్చినది ఆ మాటపై. కండ్లు మూసుకొని చేయవచ్చునని ఒక పనిని మెచ్చుకొనుట ఏమి మెప్పు? కన్ను, చేయి, మనస్సు మూడును ఒక్కచోట నిలిచి చేయవలసిన పనులు మన దినచర్యలో నానాటికి తరిగిపోవుచున్న ఈ కాలమున, ప్రాతఃకాలమున అద్దము ముందు నిలిచి తన ముఖమును తాను చూచుకొనుచు చేసికొను ఆ కాస్త పనిని కూడ పరధ్యానమునకు ఒప్పగింపవలెనని ఇంత తొందర ఏల?

ఈ మాట మరియొక ఊరివారన్నచో విని ఊరకుందును. తిరుపతివారు మాత్రము అనరాదు. అంగడి గుమ్మములో నిలిచి తలయెత్తిన కనబడు కొండమీద, కల్యాణకట్టలో, రేయింబవళ్ళు వేలకొలది శిరస్సులమీద నడచుచున్నది ఆ రెండంచుల బ్లేడే కదా! తలనీలాలు సమర్పింప వచ్చిన భక్తునికి దేవస్థానమువారు రుసుమేమియు లేకయే టోకెనును బ్లేడును ఇత్తురు. క్షురకుడు ఆ బ్లేడును కాగితము విప్పకయే రెండు బొటనవ్రేళ్ళ నడుమ పట్టి నిలువున మడచును, చిటుక్కున విరుగును, ఒక సగమును పిడి నోటిలో జొనిపి బిగించును. భక్తుడు తల బాగుగా తడుపుకొని వచ్చి వంగి కూర్చుండును. నురుగు లేదు, సుగంధము లేదు. నానిన వెండ్రుక, క్రొత్త అంచు, తల వంపు తెలిసిన మణికట్టు, ఈ మూడే అక్కడి సామగ్రి. పసిబిడ్డల మెత్తని మాడుమీదను, వృద్ధుల ముడుతలు పడిన చర్మముమీదను ఆ అంచు ఒకే తీరున, ఒకే శ్రద్ధతో సాగిపోవును. పూర్వము మంగలికత్తిని రాతిమీద నూరి, తోలుమీద తీసి, ఆ కత్తితోనే తల వెంట తల గొరుగుచుండిరి. ఒకరికి వాడిన అంచు వేరొకరికి తగులరాదను ఆరోగ్యనియమము స్థిరపడిన పిమ్మట ఈ సగము బ్లేడు ఆ కత్తి స్థానమును గ్రహించెను. అయిదంచుల యంత్రము ఆ కట్ట ఎక్కలేదు, ఎక్కజాలదు. పొడవు వెండ్రుక దాని అంచుల నడుమ చిక్కుకొని రెండు గీతలకే దాని నోరు మూసుకొనిపోవును.

ఈ పలుచని రేకు పుట్టుక కూడ తెలిసికొనదగినది. చర్మము తెగకుండ కత్తికి అడ్డుకట్ట అమర్చవచ్చునని పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు పెరే అను కత్తులపనివాడు చూపెను; 1880లో న్యూయార్కు నగరమున కాంఫ్ సోదరులు ఆ తలంపుతోనే ఒక రేజరునకు పేటెంటు పొందిరి. అయినను ఆ కత్తులను నూరుకొను బాధ తప్పలేదు. సీసామూతల కంపెనీ తరపున ఊరూర తిరిగి అమ్మకము చేయుచుండిన కింగ్ క్యాంప్ జిలెట్ 1895లో, నూరనవసరము లేని పలుచని రేకును అంచు మొద్దుబారినంతనే మార్చుకొనవచ్చును కదా యని తలంచెను. అంత పలుచని ఉక్కునకు అంతటి పదును పెట్టుట అసాధ్యమని లోహవిద్య ఎరిగినవారు చెప్పిరి. విలియం నికర్సన్ అను ఇంజనీరు పూనుకొని, రేకును కాచి చల్లార్చి గట్టిపరచి పదునుపెట్టు యంత్రములను నిర్మించెను. 1901లో కంపెనీ ఏర్పడెను. 1903లో అమ్మకము మొదలైన సంవత్సరమున పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. 1904 నవంబరు 15న పేటెంటు వచ్చెను. మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా ప్రభుత్వము తన సైనికులకు ఈ రేజర్లనే పంచిపెట్టగా, యుద్ధమునుండి తిరిగివచ్చిన పురుషులు ఇంటిలో తమ గడ్డమును తామే గీసుకొను అలవాటును వెంట తెచ్చుకొనిరి.

ఈ రేజరులోని సూక్ష్మమంతయు బ్లేడు వంపులో ఉన్నది. మిల్లీమీటరులో పదవవంతు మందము గల ఆ రేకును వట్టి చేత పట్టుకొన్న ఊగిసలాడును. రేజరు తలలోని ఉబ్బెత్తు మూత క్రింద బిగించినప్పుడు అది విల్లువలె వంగి బిరుసెక్కును. ఆ బిగింపు సమముగా నున్న రేజరు మంచిది, లేనిది చెడ్డది. మూత బిగించి వెలుతురునకు పట్టి చూచినచో, రెండు వైపులను అంచు ఒకే కొలతగా బయటికి కనబడవలెను. ఒక వైపు ఎక్కువగను ఒక వైపు తక్కువగను కనబడు రేజరు ఎంత మెరసినను కొనవలదు.

రేజరు మాట వచ్చినప్పుడెల్ల నాకు మా మేనమామ జ్ఞప్తికి వచ్చును. ఆయన పాకాల జంక్షనులో రైల్వే గార్డుగా నుండెను. పాకాలనుండి ధర్మవరమునకు అప్పుడు మీటరుగేజి బండి; ఇప్పుడది బ్రాడ్‌గేజి అయినది. పీలేరు, కలికిరి, మదనపల్లె రోడ్డు, ములకలచెరువు, కదిరి మీదుగా రాళ్ళ గుట్టల నడుమ ఆ బండి ఆయాసపడుచు పోవునప్పుడు, సెలవులలో నన్ను తన బ్రేకు వ్యానులో కూర్చుండబెట్టుకొనుట ఆయనకు ముద్దు. ఒంటి లైను గనుక ఎదురుబండి వచ్చువరకు ఏదో ఒక స్టేషనులో మా బండి నిలువక తప్పదు. అదియే ఆయనకు క్షౌరసమయము. ఇంజనునుండి కంచుచెంబులో వేడినీళ్ళు పట్టుకొని రమ్మని నన్ను పంపెడివాడు. లాంతరు కొక్కెమునకు చేతియద్దమును తగిలించెడివాడు. బ్రష్షును నీట నానబెట్టి, సబ్బుబిళ్ళమీద త్రిప్పి త్రిప్పి, చెంపలమీద నురుగును మరీ పలుచగను మరీ చిక్కగను కాక, మీగడవలె పరచెడివాడు. ఆ రేజరు ఇత్తడిది, నికెలు పూత వ్రేళ్ళు తగిలినచోట అరిగి పసుపు బయటపడినది. “ఒరే అల్లుడా, చేత్తో నొక్కగూడదు. దాని బరువున దాన్ని పోనీయల్ల. మనం దోవ మాత్రం చూపియ్యల్ల” అని ఆయన చెప్పుచుండగా, నురుగు క్రిందనుండి సన్నని గరగరధ్వని వినబడెడిది. సీతాఫలముల కాలమున తట్టలు నెత్తిన పెట్టుకొని ప్లాట్‌ఫారముమీదికి వచ్చు స్త్రీలు, చింతచెట్ల నీడన కునుకు తీయు ప్రయాణికులు, దూరమున ఎదురుబండి పొగ, వాలుచున్న సిగ్నలు రెక్క, ఇవన్నియు ఆ అద్దములో ఆయన ముఖము వెనుక కనబడుచుండెను. ఎదురుబండి వచ్చి నిలుచునప్పటికి ఆయన రేజరు విప్పి, కడిగి, తుడిచి, కాలరు గుండీ పెట్టుకొని, పచ్చజెండా పట్టుకొని దిగెడివాడు. తొందరపడి ఆయన ఏ పనిని చేయగా నేను చూడలేదు. ఆలస్యముగా ఏ పనిని ముగింపగను చూడలేదు.

ఆ దినములలో భారత్, అశోక్, పనామా, టోపాజ్, సెవెన్ ఓ క్లాక్ అను బ్లేడ్ల పేర్లు ప్రతి యింటి అద్దము వెనుకను ఉండెడివి. మొద్దుబారిన బ్లేడును గాజుగ్లాసు లోపలి వంపునకు ఆనించి అటునిటు రుద్ది, మరి రెండు దినములు నడుపుకొనెడివారు. అటుపిమ్మట అది మా పెన్సిళ్ళకు వచ్చును; అక్కడినుండి మా అత్త కుట్లు విప్పుకొను పనికి పోవును. పారవేయుటకు ముందు ప్రతి వస్తువును పూర్తిగా వాడుకొను గృహధర్మము అది. ఇప్పుడో, ప్లాస్టిక్కుతో కలిపి అచ్చుపోసిన అంచులను విడదీయలేము, నూరలేము, మరొక పనికి వాడలేము. దాని పిడి ఒక కంపెనీది, తల అదే కంపెనీది, వెల ఆ కంపెనీ చెప్పినంత. ఒక్క తల వెలకు మంచి రెండంచుల బ్లేడ్లు ఇరువదికి తక్కువ రావు. ఏ బ్లేడైనను ఏ రేజరులోనైనను ఇముడు స్వేచ్ఛను విడిచి, తాళము వేసిన బీరువాకు దాసులమగుట నాకు సమ్మతము కాదు.

వెలమాట అటుండనిండు. 1971లో ఒకే తలలో రెండంచులను ఒకదాని వెంట నొకటి అమర్చిరి, 1998లో మూడైనవి, 2006లో అయిదు. ముందరి అంచు వెండ్రుకను పట్టి కొంచెము పైకి లాగును. అది మరల లోనికి పోకమునుపే వెనుకటి అంచు నరకును. మిగిలిన మొదలు చర్మపు మట్టముకంటె లోతునకు పోవును. చేతికి నున్నగా తగులుట అందువలననే. కాని ఒంపు తిరిగిన గట్టి వెండ్రుకలు గలవారికి ఆ లోతునకు పోయిన మొన మరల పైకి రాలేక చర్మములోనే పెరిగి మెడమీద ఎఱ్ఱని పొక్కులుగా లేచును. మన ప్రాంతపు యువకులలో ఈ బాధ పడుచు, పూతలమీద పూతలు కొనువారిని చూచుచున్నాను. వారికి నేను చెప్పునది ఒక్కటే: చర్మపు మట్టమున ఒక్క అంచు కోసినది చాలును.

ఇక ఎంపిక. మొదటిసారి కొనువారు మూత, అడుగుపలక, పిడి అని మూడు ముక్కలుగా విడివడు రేజరునే కొనవలెను. కడుగుట సులభము, చెడిపోవుటకు అందులో ఏమియు లేదు. పిడి త్రిప్పిన రెక్కలవలె తెరచుకొనునవి చూచుటకు ముచ్చటగా నుండును గాని, మన ఉప్పునీళ్ళకు వాటి లోపలి మరలు బిగిసిపోవును. దువ్వెనపండ్ల అడ్డుకట్ట గలవి చాలదినములు పెరిగిన గడ్డమునకు, సాదా కమ్మీ గలవి నిత్యక్షౌరమునకు తగును. పిడి కొంచెము బరువుగా నుండవలెను. బరువున్నచో చేయి నొక్కదు. బ్లేడు విషయమున ఒకరి మాట మరియొకరికి పనికిరాదు. నాలుగు రకముల డబ్బీలు తెచ్చి, ఒక్కొక్కదానిని కొన్నినాళ్ళు వాడి, తన చర్మము ఒప్పుకొన్నదానిని నిలుపుకొనవలెను.

నీటి సంగతి పూర్వపు ఉమ్మడి చిత్తూరు జిల్లావారికి వేరుగా చెప్పవలెను. పుంగనూరు, పలమనేరు, మదనపల్లె పడమటి గ్రామములలో వేయి అడుగుల లోతున బోరు దించి తెచ్చుకొను నీటిలో సున్నపు లవణములు మెండు. అవి సబ్బుతో కలిసి నురుగునకు మారుగా తెట్టెను కట్టించును. నురుగు నిలువక, కత్తి క్రింద తడి చాలక, ముఖము మండి, తప్పు బ్లేడుమీద వేయుదురు. ఆ నీటిని మరగించి చల్లార్చి తేర్చినచో కాఠిన్యము కొంత దిగును. వాననీరు దొరికిన మరియు మేలు. తిరుపతిలో కల్యాణి డ్యాము నీరో, తెలుగుగంగ నీరో కుళాయిలో వచ్చు ఇండ్లవారు అదృష్టవంతులు.

వేడినీటి ప్రాధాన్యమును మనవారు ఎప్పుడో గుర్తించిరి. అథర్వవేదములోని క్షౌరమంత్రమున, క్షురముతో సవిత వచ్చెనని పలికి, వేడినీటితో వాయువు రావలెనని కోరిన మాట కలదు. చరకసంహిత సూత్రస్థానమున కేశములు, గడ్డము, గోళ్ళు తీర్చుకొనుట పుష్టిని, ఆయువును, శుచిని, రూపశోభను ఇచ్చునని దినచర్యలో చెప్పబడినది. వెండ్రుక నీటిని పీల్చి మెత్తబడుటకు రెండు మూడు నిమిషములు పట్టును. స్నానానంతరము గీసుకొన్నచో ఆ నిరీక్షణయు అక్కరలేదు.

పని తీరు ఇది. రేజరు తలను చెంపకు బల్లపరుపుగా ఆనించి, అంచు వెండ్రుకను తాకువరకు పిడిని మెల్లగా క్రిందికి దించవలెను. అంచునకును చర్మమునకును నడుమ సుమారు ముప్పది డిగ్రీల కోణము కుదురును. ఎడమచేతి వ్రేళ్ళతో చర్మమును సాగదీసి, మొదట వెండ్రుక పెరిగిన దిశగా చిన్న చిన్న గీతలు గీయవలెను. మరల నురుగు పూసి రెండవసారి అడ్డముగా గీయవచ్చును. గొంతుక్రింద వెండ్రుక చెంపమీద పెరిగినట్లు పెరుగదు, ఒక్కొక్కరికి ఒక్కొక్క సుడి. వ్రేలితో నిమిరి తెలిసికొనిన పిమ్మటనే అచ్చటికి కత్తిని తీసికొనిపోవలెను. చివర చన్నీళ్ళతో కడిగి, పటికబిళ్ళను తడిపి రుద్దిన చాలును. ఒక బ్లేడు నాలుగైదు క్షౌరములకు వచ్చును. లాగుచున్నట్లు తోచిన క్షణమున మార్చవలెను.

పాఠకులకు నా విన్నపము ఒకటి కలదు. వాడిన బ్లేడును కాగితములో చుట్టి వీధికుప్పలో వేయకుడు. ఆ కుప్పలో మూతిపెట్టు ఆవులున్నవి, దానిని చేతులతో ఎత్తు పారిశుద్ధ్య కార్మికులున్నారు. ఒక రేకుడబ్బా మూతకు సన్నని గాటు పెట్టి, అందులో జారవిడుచుచు రండు. ఒక యింటికి అది కొన్ని సంవత్సరములు నిండదు. నిండిననాడు మూతను గట్టిగా బిగించి, లోపల ఏమున్నదో నోట చెప్పి, చెత్తబండివాని చేతికి ఇండు.