గుమ్మం దాటించే బండి

మా పెద్దమ్మ కొడుక్కి ప్రతి నెలా ఒకటో తారీఖున పింఛను ఇంటికే వస్తుంది. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. రేషన్ సరుకులూ ఇంటికే. 2021లో ఇంటింటికీ తిరగడానికి రాష్ట్రమంతా 9,260 బండ్లు పెట్టారు. 2025 జూన్‌లో ఆ బండ్లు ఆపేసినా, 65 ఏళ్లు దాటినవాళ్లకీ దివ్యాంగులకీ మాత్రం గుమ్మం దగ్గరే ఇవ్వాలన్నారు. కోనసీమలోని మా అప్పనపల్లిలో అన్నయ్య ఇవన్నీ అందుకుంటున్నాడు. ఇచ్చిన ప్రభుత్వాలకు దండం పెడతాను. కానీ అన్నయ్యని ఆ గుమ్మం దాటించి అమలాపురం తీసుకెళ్లే బండి ఇంతవరకూ రాలేదు. నా బాధంతా అక్కడే.

అన్నయ్యకి పసితనంలోనే పోలియో వచ్చింది. రెండు కాళ్లూ పడిపోయాయి. కొబ్బరి దింపులూ వొలుపులూ ఎన్ని వేల కాయలైనా కూలీలకూ వర్తకులకూ లెక్క కట్టి చెప్పేది అతనే. మా ఊరు బాల బాలాజీ పేరుతో ప్రసిద్ధి. ఆ గుడి కట్టించిన మొల్లేటి రామస్వామి గారు కూడా కొబ్బరి వర్తకులే. ఆ వ్యాపారంలో మాట ఎంతో లెక్కా అంతే. అన్నయ్య లెక్క మీద ఎవరూ మళ్లీ లెక్కపెట్టరు. అలాంటి మనిషి అంబాజీపేట మార్కెట్‌కి స్వయంగా వెళ్లి ధర కనుక్కోవాలంటే ఇద్దరు మగవాళ్లు ఖాళీగా దొరకాలి.

మా చిన్నప్పుడు పెదనాన్నగారే అన్నయ్యని వీపు మీద ఎక్కించుకుని బస్సెక్కేవారు. ఊళ్లకు తిరిగే బస్సును లారీ ఛాసిస్ లాంటి దానిమీదే కడతారు. రోడ్డు నుంచి మీటరు పైచిలుకు ఎత్తులో ఉంటుంది బస్సు లోపలి నేల. మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. ముసలివాళ్లే కమ్మీ పట్టుకుని రొప్పుతూ ఎక్కుతారు. కాళ్లు కదలని మనిషిని ఒకరు పైనుంచి అందుకోవాలి, ఒకరు కిందనుంచి ఎత్తాలి. అప్పట్లో ఎత్తేవాళ్లకి కొదవ లేదు. ఇప్పుడు పెదనాన్నగారు లేరు. ఒక మేనల్లుడు కువైట్‌లో, ఒకడు హైదరాబాద్‌లో, నేను అమెరికాలోని అయోవాలో ఉన్నాం. కోనసీమలో ఏ వీధి చూసినా ఇదే వరస. మోసే భుజాలన్నీ వలస వెళ్లాయి, మెట్టు ఎత్తు మాత్రం అంతే ఉంది.

మూడు చక్రాల స్కూటరు ఉంది. ఊళ్లో తిరగడానికి అది చాలు. కానీ బోడసకుర్రు వంతెన మీద హైవే లారీల పక్కన దాన్ని నడపాలంటే ఇంట్లోవాళ్ల గుండె దడదడలాడుతుంది. వైనతేయ నది పొంగి కాజ్‌వే మీదికి నీళ్లొస్తే అసలు కదలనే లేడు. షేర్ ఆటోలో ఎక్కుదామంటే పదిమంది మోకాళ్ల మధ్య అతని కాళ్లు ఎక్కడ సర్దాలి? అందుకని అన్నయ్య ఊరు దాటేది రెండే పనులకి: ఒకటి ఆసుపత్రి, రెండోది సదరం సర్టిఫికెట్. ఇంటికొచ్చే పింఛను రావాలంటే ముందు మనిషి ఆసుపత్రికి పోయి, నేను నడవలేనని డాక్టర్లకి చూపించుకోవాలి. ఆ రోజు ఆటో మొత్తం కిరాయికి మాట్లాడుకోవాల్సిందే.

చుట్టుపక్కలవాళ్లు మంచివాళ్లు. "ఎందుకండీ మీకీ శ్రమ? ఏం కావాలో చెప్పండి, మేం తెచ్చిపెట్టమా?" అంటారు, నిజంగా తెచ్చిపెడతారు కూడా. అన్నయ్య వాళ్లని ఒక్క మాట అనడు. నాతో ఫోన్‌లో మాత్రం అన్నాడు: "వస్తువు తెస్తారురా, తిరునాళ్లు ఎలా తెస్తారు?"

నేనుండే వాకీ ఊరు అయోవా రాష్ట్రంలో డాలస్ కౌంటీలో ఉంది. ఊరు దాటితే కనుచూపు మేరా మొక్కజొన్న, సోయా చేలు. ఇంటికీ ఇంటికీ మధ్య చాలా దూరం. ఆ చేల మధ్య రోడ్ల మీద హిర్టా అనే సంస్థ చిన్న బస్సులు తిరుగుతుంటాయి. ముందుగా ఫోన్ చేసి చెబితే వాకిట్లోకే వస్తాయి. పక్కనున్న లిఫ్టు నేలకు దిగుతుంది, చక్రాల కుర్చీ దాంతోపాటే పైకి వెళ్తుంది, డ్రైవరు నాలుగు పట్టీలతో కుర్చీని నేలకు బిగిస్తాడు. క్షౌరానికైనా, పేకాటకైనా, ఆసుపత్రికైనా ఎక్కవచ్చు. అయోవాలో ఉన్న 99 కౌంటీలకూ ఇలాంటి ప్రాంతీయ వ్యవస్థలు 16 ఉన్నాయి. ఇబ్బందులు లేవని కాదు. అప్పటికప్పుడు అనుకుని బయల్దేరడం కుదరదు. కానీ పల్లెటూరు కదా, జనం తక్కువ కదా అని వదిలేయలేదు.

1990లో అమెరికా వికలాంగుల చట్టాన్ని సెనేట్‌లో నడిపించిన టామ్ హార్కిన్ ఈ అయోవా పల్లెటూరి మనిషే. చెవిటివాడైన అన్న ఫ్రాంక్ కోసం ఆయన ఆ చట్టం నెగ్గిన రోజు సభలో కొంత ప్రసంగం సైగల భాషలో చేశారు. అన్న పడ్డ కష్టాన్ని చట్టం దాకా తీసుకెళ్లిన తమ్ముడంటే నాకు ఎంతో గౌరవం.

చట్టం మనకీ ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 41వ సెక్షన్ రవాణా గురించే. బస్టాండ్లూ బండ్లూ అందరూ వాడుకునేలా ఉండాలని అది చెబుతుంది. 2024 నవంబర్ 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు ఇంకాస్త గట్టిగా చెప్పింది. ప్రమాణాలను సలహాల్లా వదిలేసే నిబంధన చెల్లదు, తప్పనిసరిగా పాటించాల్సినవేవో మూడు నెలల్లో తేల్చండి అంది. ఆ తీర్పుకు ఆధారమైన అధ్యయనం మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని పరిశోధకులు చేసిందే. కానీ మన దగ్గర ఈ చర్చ ఎప్పుడూ మెట్రో, విమానాశ్రయం, నగరంలో లోఫ్లోర్ బస్సు దగ్గరే తిరుగుతుంది. కాలవ గట్టు మీదున్న, ర్యాంపు లేని బస్సు షెల్టరు దాకా రాదు.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆడవాళ్లకి బస్సు ఉచితం. వదిన ఇప్పుడు చేతిలో రూపాయి లేకపోయినా అమలాపురం వెళ్లొచ్చి, చూసినవన్నీ అన్నయ్యకి చెబుతుంది. ఆమె ముఖంలో ఆ హుషారు చూస్తే ఈ పథకం విలువ తెలుస్తుంది. కానీ టికెట్టు తీసేసినంత మాత్రాన మెట్టు దిగిరాదు. అన్నయ్యకీ టికెట్టు మాఫీ చేసినా అతను ఎక్కలేడు.

చేయలేని పని కాదిది. ఫోన్ చేస్తే పల్లెకి బండి పంపడం మనకి కొత్త కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు దేశానికే దారి చూపింది. బాలింతని ఇంటి దగ్గర దింపడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది. అదే పద్ధతిలో మా మామిడికుదురు మండలానికి ర్యాంపు ఉన్న వ్యాన్లు రెండు పెట్టి చూడమంటాను. ముందురోజు గ్రామ సచివాలయంలో పేరు రాయించుకోవాలి. కుర్చీ ఎలా బిగించాలో, మనిషిని నొప్పించకుండా ఎలా పట్టుకోవాలో డ్రైవర్లకి నేర్పాలి. బస్సు వేళలకి వ్యాను హైవే దగ్గర అందాలి, ఆ బస్సుల్లో కొన్నైనా ఎత్తు తక్కువవి రావాలి. ఎందుకు వెళ్తున్నావని అడిగే గడి ఆ దరఖాస్తులో ఉండకూడదు. అన్నయ్య వెళ్లాలనుకునేవి అంబాజీపేట మార్కెట్టూ, అంతర్వేది కల్యాణమూ, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభలూ. శనివారాలు బాలాజీ దర్శనానికి జనం పోటెత్తుతారు కాబట్టి ఆ ఒక్కరోజు వ్యాను రెండు ట్రిప్పులు ఎక్కువ తిరగాల్సి ఉంటుంది.